తోడేలుకి బొట్టు, ఎలుగుబంటికి మచ్చలు

ప్రశ్న: మేము కెనడాలో, కాల్గరీలో ఉంటాం. రెండేళ్ళ క్రితం మా ఆఫీసులో రిటైరైన ఒక పెద్దాయన మా పాపకి రెండు వెండి నాణేలు ఇచ్చారు. (పాపకి ఏడేళ్ళు, జంతువులంటే పిచ్చి.) రెండూ 2011వే, ఒకదాని మీద తోడేలు, ఇంకోదాని మీద ఎలుగుబంటి. అప్పట్నుంచి నాకూ ఆ పిచ్చి అంటుకుంది. మిగతా జంతువులు కూడా కొనాలని ఉంది, చైనా పాండా, సోమాలియా ఏనుగు, ఆస్ట్రేలియా కూకబుర్రా పిట్ట, అన్నీ చూస్తున్నాను. ఇంతలో సూపర్ వీసా (ఇక్కడున్న పిల్లల దగ్గరికి తల్లిదండ్రులు వచ్చే వీసా) మీద వచ్చిన మా అమ్మ, వరలక్ష్మీ వ్రతానికి పూజ సామాను తోముతూ తోడేలు నాణేన్ని కూడా విభూతితో తళతళా తోమేసి, కుంకుమ బొట్టు పెట్టి కలశం ముందు పెట్టింది. ఎలుగుబంటి మీదేమో తెల్ల మచ్చలు వచ్చాయి, నకిలీదేమోనని టెన్షన్. తెనాలి నుంచి నాన్న ఫోన్లో "జంతువు బొమ్మకి ఎక్కువ డబ్బులెందుకురా, తూకం వెండి కొనుక్కో" అంటున్నారు. పైగా ఒకతను ఆన్‌లైన్‌లో పాండా నాణేలు వెండి ధర కంటే తక్కువకే ఇస్తానంటున్నాడు. నన్నేం చేయమంటారు?

సమాధానం: తోడేలుకి కుంకుమ బొట్టు దగ్గర ఆగి కాసేపు నవ్వుకున్నాను, క్షమించండి. అమ్మ మీద కేకలేశారో లేదో మీరు రాయలేదు. వేసి ఉంటే మాత్రం వెళ్ళి బుజ్జగించండి, ఆవిడ తప్పు ఇందులో పిసరంత కూడా లేదు. వెండి నల్లబడితే తోమాలి, పండక్కి మెరవాలి, ఇది మన ఇళ్ళలో ఊహ తెలిసినప్పట్నుంచి చూస్తున్నదే. కుందులు, పంచపాత్ర, ఉద్ధరిణి పక్కన ఓ వెండి బిళ్ళ కనిపిస్తే దాన్ని ఒక్కదాన్నీ వదిలేసి మిగతావి తోముతారా ఎవరైనా! నాణేన్ని కడగకూడదు అన్నది మనలాంటి సేకరణ పిచ్చివాళ్ళ రూలు, ఎవరో చెప్తే తప్ప తెలిసేది కాదు. మీరేమో చెప్పలేదు.

ఇక నాణెం సంగతి. పోయిన మెరుపు తిరిగి రాదు, ఆ ఆశ ముందే వదిలేయండి. టంకశాలలో అచ్చు పెద్ద బలంతో వెండి బిళ్ళ మీద పడినప్పుడు లోహం మధ్య నుంచి అంచులకి ఒక రకంగా ప్రవహిస్తుంది, ఆ ప్రవాహం కంటికి కనపడనంత సన్నటి గీతల్ని ఉపరితలం మీద వదిలిపోతుంది. కొత్త నాణేన్ని దీపం కింద అటూ ఇటూ వంచితే వెలుగు బండిచక్రం ఆకులా గుండ్రంగా తిరుగుతుంది చూశారా, అది ఆ గీతల పనే. విభూతి ఎంత మెత్తగా ఉన్నా బూడిదే కదా, రుద్దితే ముందు పోయేవి ఆ గీతలే. ఇప్పుడు మీ తోడేలుకి ఉన్నది కూడా మెరుపే, కాకపోతే గిన్నె మెరుపు. దాన్ని "బాగుచేద్దాం" అని వెండి మెరిపించే మందుల్లో ముంచడం, బేకింగ్ సోడా, అల్యూమినియం రేకు ప్రయోగాలు చేయడం, కంసాలి చేత పాలిష్ పట్టించడం లాంటివి ఏవీ వద్దు, ప్రతి ప్రయత్నమూ ఉపరితలాన్ని ఇంకాస్త పాడుచేస్తుంది.

అక్షరాల సందుల్లో, బొచ్చు గీతల మధ్య కుంకుమ ఇరుక్కుని ఉంటే మాత్రం ఒక పని చేయొచ్చు. డిస్టిల్డ్ వాటర్‌లో కొన్ని గంటలు నానబెట్టండి, తర్వాత హార్డ్‌వేర్ షాపులో దొరికే స్వచ్ఛమైన అసిటోన్‌లో, గాజు గిన్నెలో, కాసేపు ఉంచి తీయండి. గోళ్ళరంగు తుడిచే సీసా పనికిరాదు, అందులో రంగులు, నూనెలు కలుస్తాయి. కిటికీ తీసి, పొయ్యికి దూరంగా, పాప స్కూలుకి వెళ్ళినప్పుడు ఈ పని పెట్టుకోండి, అసిటోన్ ఇట్టే అంటుకుంటుంది. రుద్దొద్దు, తుడవొద్దు, దానంతటదే ఆరనివ్వండి. అప్పటికీ ఎరుపు ఎక్కడో కాస్త మిగిలితే మిగలనివ్వండి.

డబ్బు పరంగా నష్టం మీరు భయపడుతున్నంత లేదు. 31.1 గ్రాముల వెండి ఎక్కడికీ పోలేదు. పోయింది వెండి ధర మీద తోడేలుకి వచ్చే ఆ కాస్త అదనం, దాన్నే ప్రీమియం అంటారు. నాణేలకి మార్కులు వేసే పీసీజీఎస్, ఎన్‌జీసీ లాంటి గ్రేడింగ్ కంపెనీలకి పంపితే "కడిగిన నాణెం" అని రాసి, మార్కుల అంకె ఇవ్వకుండా తిప్పి పంపుతారు. కానీ పది లక్షల సంఖ్యలో కొట్టిన నాణేన్ని గ్రేడింగ్‌కి పంపడమే దండగ, ఆ ఫీజుతో ఇంకో నాణెం కొనుక్కోవచ్చు.

ఎలుగుబంటి మచ్చల గురించి కంగారు పడకండి, అవి నకిలీకి గుర్తు కాదు. వాటిని ఇక్కడ మిల్క్ స్పాట్స్ అంటారు, నిజంగానే పాలచుక్క ఆరిపోయినట్టు ఉంటాయి. నాణెం కొట్టకముందు బిళ్ళల్ని కడిగి, వేడి చేసి మెత్తబరుస్తారు. కడిగిన మందు పూర్తిగా పోకుండా మిగిలితే ఆ వేడికి అది వెండిలోకి కాలి అతుక్కుపోయి, నెలలకో ఏళ్ళకో తెల్లగా బయటపడుతుంది. ఎక్కువమంది చెప్పే కారణం ఇదే. కెనడా నాణేలకి ఈ విషయంలో పెద్ద అపకీర్తే ఉండేది, అందుకే రాయల్ కెనడియన్ మింట్ (కెనడా ప్రభుత్వ టంకశాల) 2018లో మింట్‌షీల్డ్ అనే కొత్త పద్ధతి తెచ్చింది. మీది 2011ది కాబట్టి దానికి ఆ రక్షణ లేదు. రబ్బరుతో చెరిపితే పోతాయని, టూత్‌పేస్ట్ రాస్తే పోతాయని వీడియోలు బోలెడు. మచ్చ పోతుంది, దాని స్థానంలో గీతలు వస్తాయి. నా దగ్గర కూగర్ (పెద్ద అడవిపిల్లి లాంటి జంతువు) నాణెం ఉంది, దానికి సరిగ్గా కంటి కింద మచ్చ ఉంది, ఏడ్చినట్టు ఉంటుంది, అలవాటైపోయింది.

అయినా నకిలీ కాదని మీ మనసుకి రుజువు కావాలంటే, అరగంటలో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. గ్రాములో వందో వంతు చూపించే చిన్న నగల కాటా కొనండి, ఒక వెర్నియర్ స్కేలు కూడా. నాణెం బరువు 31.1 గ్రాములు ఉండాలి, వ్యాసం 38 మిల్లీమీటర్లు, మందం 3 మిల్లీమీటర్ల పైచిలుకు. ఇక్కడే ఒక తిరకాసు ఉంది, మామూలు ఔన్సు 28.35 గ్రాములు, వెండి బంగారాలకి వాడే ట్రాయ్ ఔన్సు 31.1. కాటా ఔన్సుల్లో పెట్టి చూసి 1.1 ఔన్సు వచ్చిందని గాభరా పడినవాళ్ళని చూశాను. తర్వాత గట్టి నియోడిమియం అయస్కాంతాన్ని వాలుగా పెట్టిన నాణెం మీద జారవిడవండి. అంటుకోకూడదు, అలాగని టక్కున జారిపోకూడదు, తేనెలో జారినట్టు నెమ్మదిగా దిగాలి. రాగి మీద వెండి పూత పూసిన దొంగ నాణెం కూడా ఇలాగే చేస్తుంది కాబట్టి అయస్కాంతాన్ని ఒక్కదాన్నే నమ్మకూడదు. కానీ రాగి వెండి కంటే తేలిక, అదే కొలతల్లో చేస్తే 27 గ్రాములు కూడా రాదు. బరువు సరిచేద్దామని మందం పెంచితే వెర్నియర్ పట్టేస్తుంది. సీసం కలిపితే మోత చచ్చిపోతుంది. మన తాతలు రూపాయిని రాతి మీద మోగించి చూసింది ఇందుకే. మీరు మాత్రం రాతి మీద వేయకండి, వేలి చివర నిలబెట్టి ఇంకో నాణెంతో తాకించండి, గణగణమని చాలాసేపు సాగాలి. ఈ ప్రయోగం ముందు తోడేలు మీద చేయండి, దానికి ఇక పోయేదేమీ లేదు.

ఇప్పుడు అసలు ప్రశ్న, కొనాలా వద్దా. మీ దగ్గరున్న రెండూ ఆరు నాణేల వరసలో మొదటివి. కెనడా మింట్ 2011 నుంచి 2013 వరకు ఏడాదికి రెండు చొప్పున వేసింది: తోడేలు, గ్రిజ్లీ ఎలుగుబంటి, ఆ తర్వాత 2012లో కూగర్, మూస్, 2013లో ప్రాంగ్‌హార్న్, వుడ్ బైసన్. ఒక్కో బొమ్మతో పది లక్షల నాణేలు, 99.99 శాతం వెండి, ముఖవిలువ 5 డాలర్లు, రెండోవైపు చిత్రకారిణి సుసానా బ్లంట్ గీసిన ఎలిజబెత్ రాణి బొమ్మ. దుకాణాలకి 25 నాణేల గొట్టాల్లో వచ్చేవి. అంటే పుట్టుకతో ఇవేవీ అపురూపమైనవి కావు, పెట్టుబడికి కొనే వెండిని కాస్త అందంగా కొట్టారంతే.

కానీ మీ విషయంలో ఒక గమ్మత్తుంది, మీరు గమనించారో లేదో. ఆ ఆరు జంతువులూ మీరుంటున్న అల్బర్టాలోనే తిరుగుతున్నాయి! తోడేళ్ళు, గ్రిజ్లీలు, కూగర్లు మీకు పడమర ఉన్న రాకీ పర్వతాల్లో ఉన్నాయి, బాన్ఫ్ దాకా వెళ్ళే దారంతా వాటి రాజ్యమే. మూస్ అంటే దుప్పి జాతుల్లోకెల్లా పెద్దది, అప్పుడప్పుడూ అది కాల్గరీ కాలనీల్లోకే వచ్చి పెరట్లో నిలబడుతుంది. ప్రాంగ్‌హార్న్ కోసం కొండలు వదిలేసి తూర్పుకి, బ్రూక్స్, మెడిసిన్ హ్యాట్ వైపు గడ్డిమైదానాల్లోకి వెళ్ళాలి. చూడ్డానికి మన కృష్ణజింకకి చుట్టంలా ఉంటుంది గానీ నిజానికి జింక కాదు, దాని కుటుంబంలో ఇవాళ మిగిలింది అదొక్కటే, ఉత్తర అమెరికాలో దాన్ని మించి పరిగెత్తే జంతువు లేదు. ఇక వుడ్ బైసన్, ఆ ఖండంలో నేల మీద తిరిగే జంతువుల్లో అన్నిటికంటే బరువైనది. దాని కోసమే 1922లో వుడ్ బఫెలో నేషనల్ పార్క్ పెట్టారు, అది అల్బర్టా ఉత్తరపు అంచున ఉంది, మీకు చాలా దూరం. ఎడ్మంటన్ దాటాక ఎల్క్ ఐలాండ్ నేషనల్ పార్క్ ఉంది చూడండి, అక్కడ హైవే 16కి దక్షిణం వైపు ఉన్న మంద వుడ్ బైసన్‌దే, ఉత్తరం వైపుది ప్లెయిన్స్ బైసన్. కారులో వెళ్ళి సాయంత్రానికి తిరిగి రావచ్చు. పాపని తీసుకెళ్ళి, మూపురం చూపించి, ఇంటికొచ్చాక నాణెం చేతిలో పెట్టండి. గ్రిజ్లీని మాత్రం కారు దిగి చూడకండి, నాణెం మీద ఉన్నంత బుద్ధిగా ఉండదది.

అందుకే నా సలహా ఏంటంటే, మిగిలిన నాలుగూ కొనండి, ఆరుతో ఆపేయండి. ఆపేయమన్నమాట గట్టిగానే అంటున్నాను. ఎందుకంటే మీ ఉత్తరంలో పాండా, ఏనుగు, కూకబుర్రా ఒకే వాక్యంలో వచ్చాయి. ఆ వాక్యం నాకు బాగా తెలుసు, పదేళ్ళ క్రితం నేనూ అదే రాసుకున్నాను. కూకబుర్రా 1990లో మొదలైంది, పెర్త్ మింట్ వాళ్ళు ఏటా బొమ్మ మారుస్తారు, అందంగానే ఉంటుంది, మన లకుముకిపిట్ట వంశమే కాబట్టి నాకు ప్రత్యేకమైన అభిమానం కూడాను. కానీ దానికి చివరంటూ లేదు. ఇప్పుడు మొదలుపెడితే వెనక్కి ముప్ఫై చిల్లర నాణేలు వెతకాలి, ముందుకి బతికున్నంతకాలం కొనాలి. పైగా అదే టంకశాల 2007 నుంచి కోలా కూడా వేస్తోంది, కంగారూ కూడా వేస్తోంది. దక్షిణాఫ్రికా వాళ్ళు 2019లో బిగ్ ఫైవ్ అని మొదలుపెట్టారు, ఏనుగు, సింహం, ఖడ్గమృగం, చిరుత, అడవిదున్న, అయిదూ అయ్యేసరికి హమ్మయ్య అనుకున్నాం, 2021లో మళ్ళీ ఏనుగుతో రెండో వరస ఎత్తుకున్నారు. కెనడా వాళ్ళేం తక్కువ తినలేదు, 2014లో గద్దలు, డేగలు, తర్వాత 2016 నుంచి వేటజంతువులంటూ మళ్ళీ కూగర్, మళ్ళీ తోడేలు, మళ్ళీ గ్రిజ్లీ. కాబట్టి కొనేటప్పుడు "కెనడా కూగర్" అని మాత్రమే అడగొద్దు, 2012 అని ఏడాదితో సహా అడిగి, డబ్బు ఇచ్చేముందు కంటితో చూసుకోండి.

సోమాలియా ఏనుగు గురించి ఒక్క మాట చెప్పకుండా ఉండలేను. దాని మీద సోమాలియా అని ఉంటుంది, విలువ 100 షిల్లింగులని ఉంటుంది, కొట్టేది జర్మనీలో, బవేరియా ప్రభుత్వ టంకశాలలో. అంతకుముందు 1999 నుంచి కొన్నేళ్ళు ఇదే ఏనుగు జాంబియా పేరుతో వచ్చింది, 2004లో సోమాలియా అయింది. మొగదిషులో ఎవరూ దాంతో కూరగాయలు కొన్న పాపాన పోలేదు. బొమ్మ మాత్రం అద్భుతంగా ఉంటుంది, చర్మం మీద ముడతలు కూడా లెక్కపెట్టొచ్చు. ఇంట్లో ఒకటుంటే తప్పులేదు.

ఇంతకీ మనవైపు జంతువుల నాణేలు లేవనుకోకండి. 1947 నాటి నికెల్ రూపాయి మీద పులి నడుస్తుంటుంది. 1988 నుంచి 2002 దాకా వచ్చిన స్టీలు పావలా మీద ఖడ్గమృగం ఉండేది, మనలో చాలామంది దాంతో పిప్పరమెంట్లు కొనుక్కున్నవాళ్ళమే. ఆ పావలాని ప్రభుత్వం 2011 జూన్ 30తో చెల్లకుండా చేసింది, మీ తోడేలు వచ్చిన ఏడాదే. తెనాలిలో నాన్నగారి పాత పెట్టెలో వెతికిస్తే తప్పకుండా నాలుగైదు ఖడ్గమృగాలు దొరుకుతాయి. పాప సేకరణలో అవి కూడా చేర్చండి, ప్రీమియం లేదు, మచ్చలు రావు.

నాన్నగారి మాటకి వస్తే, డబ్బు లెక్కలో ఆయనదే పైచేయి. నగ కొంటే మజూరీ, తరుగు అంటూ బంగారం ధర మీద వేస్తారు, అమ్మబోతే అవి లెక్కలోకి రావు, ఇది ఆయనకి మనకంటే బాగా తెలుసు. నాణేనికి ప్రీమియం అంటే అదే మజూరీ. లెక్క కోసం ఔన్సు వెండి ఇవాళ 100 అనుకుందాం. బార్ (వెండి కడ్డీ) 104కి ఇస్తారు, మేపుల్ లీఫ్ అని కెనడా మింట్ ఏటా వేసే మామూలు వెండి నాణెం 108, జంతువు నాణెం 125 చెప్తారు. అమ్మడానికి వెళ్తే బార్‌కి 98, మేపుల్ లీఫ్‌కి 101, జంతువుకి 103 ఇస్తే గొప్ప. ఇవి నేను వేసుకున్న అంకెలు, మీ ఊరి దుకాణంలో వేరేగా ఉంటాయి, కానీ వరస మాత్రం ఇలాగే ఉంటుంది. ఆ 125లో మిగతా భాగం కావాలంటే దుకాణదారుడు కాకుండా ఇంకో పిచ్చివాడు, అంటే మీలాంటి నాలాంటి వాడు, ఎదురుపడాలి. వాడు ఎప్పుడు ఎదురుపడతాడో మన చేతిలో లేదు. ఆరింటిలో తోడేలుకే అడిగేవాళ్ళు ఎక్కువ, అయినా సరే. కొనేముందు ఏ దుకాణంలోనైనా ఒక్క ప్రశ్న వేయండి, "ఇదే నాణెం నేను ఇవాళే తిరిగి తెస్తే ఎంతిస్తారు?" అని. నోరు తెరిచి అంకె చెప్పేవాడి దగ్గర కొనండి, నసిగేవాడి దగ్గర వద్దు.

వెండి ధర సంగతి కూడా నాన్నగారికి చెప్పండి, పెద్దవాళ్ళు వెండి ఎప్పటికీ పెరుగుతూనే ఉంటుందనుకుంటారు. 2011 ఏప్రిల్ చివర్లో ఔన్సు దాదాపు 49 అమెరికా డాలర్లకి వెళ్ళింది. ఆ వారం తోడేలు కొన్నవాడు 2020 మార్చిలో అది 12కి కింద పడటం చూశాడు. ఆ ఎత్తుకి మళ్ళీ చేరి 50 దాటింది 2025 అక్టోబర్‌లో. పద్నాలుగేళ్ళు! అంచేత పాప చదువు డబ్బు, ఇంటి డౌన్ పేమెంట్ డబ్బు వీటి జోలికి రానివ్వకండి. నాన్నగారి మాట మీద తూకం వెండి కొనదల్చుకుంటే అది విడిగా, బార్లుగానో మేపుల్ లీఫ్‌గానో కొనండి, జంతువులకి మాత్రం సినిమాకో ట్రిప్పుకో పెట్టే డబ్బు పెట్టండి. రెండూ కలిపి ఒకే సంచిలో వేసి దాన్ని ఇన్వెస్ట్‌మెంట్ అంటే ఇంట్లో గొడవలొస్తాయి. ఒక చిన్న ఊరట, కెనడాలో కనీసం 99.9 శాతం స్వచ్ఛత ఉన్న వెండి బార్ల మీద, నాణేల మీద జీఎస్‌టీ పడదు.

ఇంకో ఉచ్చు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే బైసన్ కోసం వెతుకుతుంటే అది కూడా ఎదురవుతుంది. 2013 నుంచి కెనడా మింట్ ముఖవిలువ 100 డాలర్లు ఉన్న వెండి నాణేల్ని 100 డాలర్లకే అమ్మింది, మొదటిది పరిగెత్తే బైసన్లదే. ముఖవిలువే చేతికొస్తుంది కదా, నష్టమేముంది అనిపిస్తుంది. కానీ అవి చలామణి కోసం కొట్టినవి కావు, దుకాణంలో ఇస్తే ఎవరూ తీసుకోరు, బ్యాంకులో కూడా పని జరుగుతుందన్న భరోసా పెట్టుకోవద్దు. అందులో ఉన్నది ఒక ఔన్సు వెండే. బొమ్మ నచ్చి, వెండి ధరకి దగ్గరగా దొరికితే సరే, మీద రాసిన అంకె చూసి మాత్రం కొనకండి.

ఆన్‌లైన్ పాండా ఆసామికి ఇవాళే నమస్కారం పెట్టేయండి. వెండి ధర కంటే తక్కువకి నిజం వెండి ఎవడూ ఇవ్వడు, వాడు ఏ దుకాణానికి తీసుకెళ్ళినా అంతకంటే ఎక్కువే వస్తుంది. ఈ పాఠం నేను డబ్బిచ్చి నేర్చుకున్నాను. ఓ అమ్మకందారు దగ్గర నాలుగు పాండాలు తెప్పించుకుని, పెట్టె విప్పి మురిసిపోయి, మా ఆవిడకి చూపించి, తర్వాత తూస్తే ఒక్కోటి 23 గ్రాములు. మా ఆవిడ ఇప్పటికీ వాటిని క్యారమ్స్‌లో స్ట్రైకర్లుగా వాడమంటుంది. పాండాలకి నకిలీల బెడద ఎక్కువ, దానికితోడు అసలు పాండా వివరాలే కొంచెం గజిబిజి. 2015 వరకు ఔన్సు నాణెం, 2016 నుంచి 30 గ్రాములు, అంటే కొత్త పాండా 31.1 తూగకపోతే భయపడక్కర్లేదు. 2015 నాణెం మీద బరువు, స్వచ్ఛత అసలు రాయనే లేదు, అదీ నకిలీ కాదు. ఏటా బొమ్మ మారుతుంది, 2001, 2002 మాత్రం ఒకటే బొమ్మ. ఇవన్నీ తెలిసి, ఊళ్ళో పేరున్న దుకాణంలో, కాటా మీద తూయించుకుని కొనేవాళ్ళకే పాండా. ఇప్పుడే మొదలుపెట్టిన మీకు వద్దు.

దాచుకోవడం గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. 38 మిల్లీమీటర్ల గట్టి ప్లాస్టిక్ క్యాప్సూల్స్ దొరుకుతాయి, నాణేనికొకటి. మెత్తగా, కొత్త రెయిన్‌కోటు వాసన వచ్చే ప్లాస్టిక్ కవర్లు వద్దు, పీవీసీ ఏళ్ళ మీద ఆకుపచ్చ జిగురు వదుల్తుంది. రబ్బరు బ్యాండ్లు, పాత న్యూస్‌పేపర్లు, ఉన్నిగుడ్డ దగ్గరికి రానీయకండి, వాటిలో గంధకం వెండిని నల్లబరుస్తుంది. వంటింటి అలమర, అగరొత్తుల పొగ తగిలే పూజగది అల్మారా కూడా వద్దు. పట్టుకుంటే అంచులు పట్టుకోండి. మన ఊరికి తీసుకెళ్ళాలనుకుంటే ఒకటి గుర్తుంచుకోండి, నాణెం నగ కాదు, మనదేశం కస్టమ్స్ లెక్కలో ఆభరణం కాని వెండికి ఉచిత పరిమితి వర్తించదు, విమానాశ్రయంలో రెడ్ ఛానెల్‌లో (సుంకం కట్టాల్సిన సామాను చూపించే దారిలో) చూపించి సుంకం కట్టాలి. నాన్నగారికి చూపించడానికైతే వీడియో కాల్ చాలు.

చివరికి మళ్ళీ మీ తోడేలు. సెట్లో వంక లేని తోడేలు కావాలనుకుంటే ఇంకోటి కొనుక్కోండి, కానీ ఈ బొట్టు తోడేలుని అమ్మకండి. క్యాప్సూల్‌లో కూడా పెట్టొద్దు. జంతువుల పిచ్చున్న ఏడేళ్ళ పిల్లకి నాణెం చూపించి ముట్టుకోకు అంటే అది సేకరణ కాదు, శిక్ష. ఇప్పుడు తన చేతికివ్వడానికి, జేబులో వేసుకోనివ్వడానికి, స్నేహితులకి చూపించుకోనివ్వడానికి మీకొకటి దొరికింది. నల్లబడితే వచ్చే శ్రావణానికి అమ్మ ఎలాగూ ఉంటారు, విభూతి డబ్బా ఆవిడకే ఇవ్వండి. మిగతా అయిదింటినీ మాత్రం ఆ నెలంతా తాళం వేసి ఉంచండి.